పాస్టరయ్య మాటలు

ఏసురత్నం పాస్టరు గొంతు ఒక్కసారిగా పోలేదు. మొదట్లో ఆదివారం ప్రసంగం చివరికి వచ్చేసరికి బొంగురుపోయేది. మిరియాల కషాయం తాగాడు, కరక్కాయ బుగ్గన పెట్టుకున్నాడు, ఉప్పునీళ్లు పుక్కిలించాడు. తరువాత ప్రసంగం సగంలోనే గొంతు దిగిపోసాగింది. జొన్న కోతకొచ్చే నాటికి ఎదురుగా కూర్చున్న మనిషికి కూడా వినపడనంత సన్నమైపోయింది. మిషను దవాఖానలో డాక్టరు దొరసాని గొంతులోకి అద్దం పెట్టి చూసి, లోపల గడ్డ ఉన్నదనీ, కత్తి పెట్టడానికి వీల్లేని చోట ఉన్నదనీ చెప్పింది. ఎన్నాళ్లు బతుకుతానని అడగడానికి ఆయనకు గొంతు లేదు. ఆయన భార్య అమృతమ్మకు ధైర్యం లేదు.

అది జర్మనీ యుద్ధం మొదలైన సంవత్సరం. గద్వాల సంస్థానంలో, ధరూరుకు అవతల కృష్ణ ఒడ్డు దిక్కున ఉన్న గుంటిదొడ్డిలో వాళ్ల సంఘం. అంతా కూలి చేసుకుని బతికేవాళ్లే. మట్టిగోడల మీద బోద కప్పిన ప్రార్థన గుడిసె, దాని పక్కనే పాస్టరుకు ఒక ఇల్లు. గొంతు పోయి ప్రసంగాలు ఆగిపోయాయని మిషనుకు తెలిస్తే ఇంకో పాస్టరు వస్తాడు. ఈ ఇల్లు విడిచి వెళ్లాలి. సంఘపెద్ద బాలన్నకు అది ఇష్టం లేదు. తనకు బాప్తిస్మం ఇచ్చింది ఏసురత్నమే. బాలన్న పటేలు వాకిట్లో మస్కూరి. పంపిన చోటికల్లా పరుగెత్తి కబురు చెప్పి వచ్చే పని. అందుకే ఒకరి మాటను ఇంకొకరికి మోసుకెళ్లడం అతనికి వింతగా తోచలేదు.

"నువ్వు అమ్మ చెవుల చెప్పు పాస్టరయ్య," అన్నాడు. "అమ్మ మాకు ఇనిపిస్తది. మాట నీదే గద."

అమృతమ్మ మిషను బడిలో చదువుకున్నది. పల్లె ఆడవాళ్లకు పాటలు నేర్పేది, బాలింతల దగ్గర కూర్చుని ప్రార్థన చేసేది. మగవాళ్లు కూర్చున్న సభలో నోరు తెరిచిన మనిషి మాత్రం కాదు. మొదటి ఆదివారం ఆయన కూర్చున్న పీట పక్కన నిలబడింది. ఆమె వంగితే ఆయన చెవిలో ఒక వాక్యం చెప్పేవాడు. ఆమె నిటారుగా నిలబడి ఆ వాక్యం అప్పజెప్పేది. మళ్లీ వంగేది. మధ్యలో పిల్లలు నవ్వేవాళ్లు. ఆమె తన మాట ఒక్కటి కూడా కలిపేది కాదు. ఆయన తడబడితే ఆ తడబాటునూ అట్లాగే పలికేది. కొన్నాళ్లకు జనానికి అలవాటైపోయింది.

కోతల పండుగ ఆదివారం వచ్చింది. అంతా జొన్న కంకులు, పల్లికాయలు, గుమ్మడికాయలు తెచ్చి పీట ముందు కుప్ప పోశారు. తిమ్మమ్మ వట్టి చేతులతో వచ్చి గోడ వారన కూర్చుంది. ఆ వారంలోనే ఆమె బిడ్డ పోయింది. పిల్ల జ్వరంతో మండిపోతుంటే పటేలు ఇంట్లో వడ్లు దంచడానికి వెట్టికి పిలిచారు. జర ఇంటికి పోయి చూసి వస్తానని తిమ్మమ్మ అడిగింది. దంచడం అయ్యాక పొమ్మన్నారు. అయ్యాక పోయింది. అప్పటికి పిల్ల చల్లబడి ఉంది.

ఆ రోజు ఏసురత్నానికీ జ్వరమే. మెడ వాచి ఉంది. అమృతమ్మ వంగింది. చెవిలో వేడి ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు.

"మళ్ల చెప్పు," అంది మెల్లగా.

ఆయన పెదవులు కదిలాయి. మళ్లీ ఊపిరే. ఆ రోజుకు ఆయన అనుకున్నది కృతజ్ఞత గురించిన వాక్యమని ఆమెకు తెలుసు. పంట ఇచ్చిన దేవునికి స్తోత్రం చెప్పాలి. ఆమె నిటారుగా నిలబడి ఎదురుగా ఉన్న ముఖాలు చూసింది. తిమ్మమ్మ తల దించుకుని నేల మీద వేలితో గీతలు గీస్తోంది. ఆమెను చూస్తూ ఆ స్తోత్రం చెప్పడం అమృతమ్మ వల్ల కాలేదు.

"అడవిల ఒక తల్లి ఉండె," అని మొదలుపెట్టింది. "ఇంట్లకెల్లి ఎల్లగొట్టిన్రు. తిత్తిల నీళ్లు అయిపోయినయి. పిల్లగాన్ని పొద కింద పండవెట్టి, సచ్చేది కండ్లతోటి చూడలేనని దూరం పోయి కూసున్నది. దేవుడు ఆ పిల్లగాని ఏడుపు ఇన్నడని, నీళ్లబాయి చూపిచ్చిండని వాక్యంల ఉన్నది."

తిమ్మమ్మ వేలు ఆగిపోయింది.

"మన తిమ్మక్క బిడ్డ గూడ ఏడ్సింది. తిమ్మక్క తనంత తాను దూరం పోలేదు. ఆమెను రానియ్యలేదు. ఆ ఏడుపు దేవుడు ఇన్నడా? ఇంటే మరి బాయి ఏది? నాకు తెల్వదు. తెల్సినట్టు చెప్తే అబద్ధమైతది. మీరు మీ పంట తెచ్చి ఈడ పెట్టిన్రు. తిమ్మక్కకు ఈ యేడు ఉన్నది ఏడుపొక్కటే. దాన్ని గూడ ఈడ పెట్టనియ్యుండ్రి. దేవుడు దాన్ని గూడ తీసుకోవాలె."

తిమ్మమ్మ లేచి వచ్చి ఆ కంకుల పక్కన కూలబడి, బిడ్డ పోయిన రోజు ఏడవని ఏడుపంతా ఏడ్చింది. వెనక కూర్చున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే ముందుకు జరిగి ఆమెను ఆనుకుని కూర్చున్నారు. మగవాళ్లు గుడిసె కప్పు వంక చూశారు. ఏసురత్నం మాత్రం భార్య వంకే చూస్తున్నాడు, ఎన్నడూ ఎరగని మనిషిని చూసినట్టు.

ఇంటికి వచ్చాక ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. అంబలి ఇస్తే తాగాడు గానీ ముఖం చూడలేదు. తప్పు చేశానని అమృతమ్మకు అనిపించలేదు. అనిపించలేదే అని పరేషాన్ అయ్యింది. కొన్ని దినాలు గడిచాక ఒక పొద్దున గొంతు జర తేలికైనప్పుడు ఆయన ఆమె చేయి పట్టి దగ్గరికి లాక్కున్నాడు.

"యాడ నేర్చినవు?" అన్నాడు చెవిలో.

"నీ పక్కన నిలబడి."

ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు. దగ్గు వచ్చింది.

ఆ తరువాతి నెలలే అమృతమ్మ బతుకులో వెలుగున్న నెలలు. ఆమె రొట్టెలు కాలుస్తూ వచ్చే ఆదివారం చెప్పబోయేది చెబుతుంటే ఆయన మంచం మీద కూర్చుని వినేవాడు. బాగుంటే తల ఊపేవాడు, నచ్చకపోతే చేయి అడ్డంగా తిప్పేవాడు. ఆదివారం పీట మీద కూర్చుని పెదవులు కదిపేవాడు. ఆమె వంగేది, లేచి చెప్పేది. ఆ వంగడం ఎవరి కోసమో గుడిసెలో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. వెట్టికి పోయిన ఆడవాళ్లు తిరగలి దగ్గర ఆమె చెప్పింది మళ్లీ మళ్లీ చెప్పుకునేవాళ్లు. నాట్ల కాలానికి పక్క పల్లెల నుంచి కూడా ఆడవాళ్లు పిల్లలను చంకనేసుకుని రావడం మొదలైంది. ఆ పక్క పల్లెల్లో ఒకదాని పాస్టరుకు తన గుడిసె ఖాళీ అవుతున్నదని కష్టం కలిగింది. అతను వనపర్తి పెద్ద పాస్టరు మాసయ్యకు చెప్పాడు. గద్వాలలో జరిగే పాస్టర్ల సభకు రమ్మని ఏసురత్నానికి కబురు వచ్చింది.

బాలన్న బండి కట్టాడు. దారి పొడుగునా ఏసురత్నం గడ్డి మీద పడుకుని కళ్లు మూసుకునే ఉన్నాడు. వాగు దాటాక అమృతమ్మ వంగి అడిగింది.

"అడిగితే ఏం చెప్తవు?"

ఆయన కళ్లు తెరిచి ఆమె వంక చూశాడు.

"ఉన్నది చెప్పు," అంది. "అవి నేను చెప్పిన మాటలని చెప్పు. తప్పంటే తప్పని వాళ్లనే అననీ. నా ముందట అననీ."

ఆయన ఆమె చేతి మీద చేయి వేశాడు. అది సరేననడమని ఆమె అనుకుంది.

మిషను బంగళా ఆవరణలోని గుడిలో వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల పాస్టర్లంతా బెంచీల మీద కూర్చున్నారు. ముందర పాదిరి దొర. నడవలేని భర్తను పట్టుకుని వచ్చింది కాబట్టి అమృతమ్మను కూడా లోపల కూర్చోనిచ్చారు.

మాసయ్య లేచాడు. తెల్లని తలపాగా, నెమ్మదైన మనిషి. కోపంగా మాట్లాడలేదు.

"సంఘంల ఆడమనిషి మౌనంగ ఉండాలె, మగోనికి ఉపదేశం చెయ్యొద్దు అని పౌలు రాసిండు. అది నేను పుట్టించిన మాట కాదు. దానికి తోడు, సంఘం ముందట నిలబడి దేవుని గురించి 'నాకు తెల్వదు' అన్నదట. తెల్వదని చెప్పనీకెనా ఆ జాగ?"

నాగర్‌కర్నూలు నుంచి వచ్చిన ముసలి పాస్టరు పెంటయ్య కూర్చున్న చోటు నుంచే అందుకున్నాడు. "ప్రభువు సమాధి కాడికి పొద్దుగాల్నే పోయింది ఆడోళ్లు. పోయి మగోళ్లకు చెప్పుండ్రని ప్రభువే పంపిండు. ఆ దినం వాళ్లు మౌనంగ ఉంటే మనం ఇయ్యాల ఈడ కూసుంటుంటిమా మాసయ్యా?"

"చెప్పి రమ్మని పంపిండు. కాపరిగ నిలబడుమని అన్లేదు."

"కాపరి మంచాన పడ్డడు. మంద ఎటుపోవాలె?"

మాసయ్య గొంతు తగ్గించి అన్నాడు. "ఊర్ల మనల్ని ఎట్ల చూస్తరో నీకు తెల్వదా అన్నా? మన మాటకు ఇజ్జత్ ఇప్పుడిప్పుడే వస్తున్నది. ఆడది నడిపే మతమని పటేలు నవ్వితే మల్ల మన ముఖం ఎవడు చూస్తడు? నా భార్యకు నా కన్న ఎక్కువ వాక్యం తెలుసు. చచ్చేదాంక ఒక్క దినం గూడ ఆ జాగల నిలబడలేదు. నిలబడనియ్యలేదు నేను. ఇప్పుడు ఈమెకు సరే అంటే, ఆమెకు నేనేం జవాబు చెప్పాలె?"

అమృతమ్మ ఆ మనిషి వంక చూసింది. ఆయన్ను ద్వేషించడం ఆమెకు సాధ్యం కాలేదు. తనను అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర మాటలు ఉన్నాయి. దారి పొడుగునా కూడబెట్టుకుంది. ఇప్పుడు అడుగుతారని మోకాళ్ల మీద చేతులు బిగించి కూర్చుంది.

పాదిరి దొర దయగల మనిషి. చచ్చిపోతున్న పాస్టరును ఇంట్లోంచి వెళ్లగొట్టడం ఆయనకు ఇష్టం లేదు. ఆలోచించి, పుస్తకాల తెలుగులో మెల్లగా అన్నాడు.

"మనము ఇంత వాదించవలసిన అవసరము లేదు. పాస్టరు చెప్పిన మాటను భార్య పలికినయెడల, ఆమె ఉపదేశించినట్లు కాదు. ఆమె ఆయన నోరు మాత్రమే. ఏసురత్నము గారూ, ఆ ప్రసంగములు మీవేనా?"

అడిగింది ఆయనను. గుడిలో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. ఏసురత్నం భార్య వంక చూడలేదు. కొంతసేపు నేల వంక చూసి, తల ఊపాడు.

"నాకు తెలియదు అన్న మాట కూడా మీదేనా?"

మళ్లీ ఊపాడు.

దొర ముఖం విప్పారింది. "అది మీ వినయము," అన్నాడు.

బెంచీల మీద ఊపిరి పీల్చుకున్నట్టయింది. పెంటయ్య తల దించుకున్నాడు. మాసయ్యకు నమ్మకం కలగలేదు గానీ, సాటి పాస్టరును అబద్ధికుడనలేకపోయాడు. ఒక్క షరతు మాత్రం పెట్టించాడు. ఇక మీదట పాస్టరు చెప్పేది సంఘపెద్ద కూడా పక్కనే కూర్చుని చెవితో వినాలి. అతను విన్న మాటే ఆమె పలకాలి. బయట బండి దగ్గరున్న బాలన్నను పిలిచి, బైబిలు మీద చేయి పెట్టించి మాట తీసుకున్నారు.

తిరుగు దారిలో ఏసురత్నం ఆమెను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. ఆమె వంగలేదు. ఆయన చీర కొంగు పట్టి లాగాడు. చివరికి వంగింది.

"నిన్ను ఆ జాగల ఉంచనీకె చెప్పిన," అన్నాడు. ఒక్కొక్క మాటకూ ఊపిరి తీసుకుంటూ అన్నాడు.

"నన్ను యాడ ఉంచినవు? నేను లేనే లేనని చెప్పినవు."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి తన కోసమో, ఆయన గొంతు కోసమో ఆమెకు తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. బండి ముందు కూర్చున్న బాలన్న ఎడ్లను అదిలిస్తూనే ఉన్నాడు.

ఆ ఆదివారం గుడిసె నిండిపోయింది. పాస్టరయ్య కొలువు నిలిచిందని అంతా సంతోషంగా వచ్చారు. పీటకు ఒక పక్క అమృతమ్మ నిలబడింది, ఇంకో పక్క బాలన్న గొంతుకూర్చున్నాడు. ఏసురత్నం పెదవులు కదిపాడు. బాలన్న చెవి దగ్గరగా పెట్టాడు. ఎంతసేపో అట్లాగే ఉన్నాడు. అమృతమ్మ అతని ముఖం వంకే చూస్తోంది. విన్నానని అతను ఒక్కసారి తల ఊపితే చాలు. అతను చెమటలు పట్టిన ముఖం ఎత్తాడు.

"నాకు ఇనొస్తలేదు పాస్టరమ్మ," అన్నాడు. "బైబిలు మీద చెయ్యి పెట్టిన. ఏం చెయ్యాలె నేను?"

ఏసురత్నం మళ్లీ ప్రయత్నించాడు. మెడ నరాలు తేలాయి. పెదవి చివర నెత్తురు కనిపించింది. అమృతమ్మ కొంగుతో తుడిచింది. ఎదురుగా తిమ్మమ్మ, ఆమె పక్కన పొరుగు పల్లెల ఆడవాళ్లు, నోరు కొద్దిగా తెరిచి ఎదురుచూస్తున్నారు. మాట ఆమె నాలుక మీదే ఉంది. చెప్పవచ్చు. చెబితే ఆ మాట ఎక్కడిదని అడుగుతారు. సభలో అందరి ముందూ తల ఊపిన భర్త అబద్ధికుడవుతాడు. ఉన్న నాలుగు దినాలూ ఆ పేరుతో మంచాన పడి ఉంటాడు. ఆమె వెనక్కి జరిగి గోడకు ఆనుకుని కూర్చుంది.

చివరికి ఎవరో పాట ఎత్తుకున్నారు. రెండు చరణాలు పాడి లేచిపోయారు.

"ఎందుకు చెప్పలేదమ్మ?" అని తిమ్మమ్మ గుమ్మంలోకి వచ్చి అడిగింది.

"ఆయన చెప్పలేదు," అంది అమృతమ్మ.

ఆ పై ఆదివారాలు కూడా అట్లాగే గడిచాయి. పొరుగు పల్లెలవాళ్లు రావడం మానేశారు. తరువాత ఊరివాళ్లు కూడా పలచబడ్డారు. ఏసురత్నం పీట మీదికి పోవడం మానలేదు. ఆమె పట్టుకుని తీసుకుపోయేది, పట్టుకుని తీసుకువచ్చేది. ఇంట్లో రొట్టెలు కాలుస్తూ ఆమె ఇక ఏమీ చెప్పేది కాదు. ఆయన మంచం మీద నుంచి చూసేవాడు. ఒకసారి చేయి చాపి, చెప్పు అన్నట్టు వేళ్లు ఆడించాడు. ఆమెకు జాలి కలిగింది. పక్కన కూర్చుంది. చెప్పడానికి మాత్రం ఏమీ దొరకలేదు.

ఎండలు ముదిరాక ఆయన పోయాడు. పాతిపెట్టే ప్రార్థనకు పాస్టరు కావాలని బాలన్న గద్వాలకు పరుగెత్తాడు. పాస్టరు నది అవతలికి పోయి ఉన్నాడట; ఎప్పుడొస్తాడో తెలియదన్నారు. ఆ ఎండకు శవాన్ని ఉంచలేరు. పొద్దు వాలేలోపు మోసుకుపోయి గుంటలో దించారు. మట్టి వేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. బాలన్న వచ్చి అమృతమ్మ ముందు నిలబడ్డాడు.

"ఒక్క మాట చెప్పు పాస్టరమ్మ. నీ కాళ్లు మొక్కుత. నేను ఎవ్వరికి చెప్ప. ఈడ ఉన్నోళ్లెవరు చెప్పరు."

తిమ్మమ్మ ఆమె భుజం పట్టుకుంది. "మాట లేకుంట మట్టి ఎట్ల ఏస్తమమ్మ?"

అమృతమ్మ గుంటలోకి చూసింది. ఆయన మెడకు చుట్టిన గుడ్డ కనిపించింది.

"ఆయన పోయినంక గూడ నా నోట మాటొస్తే, మునుపటి మాటలు ఎవరివని అడగరా?" అంది. "పాస్టరయ్య చెప్పినవని దొర ముందట తల ఊపిండు. ఆయనను అట్లనే పోనియ్యుండ్రి."

బాలన్న ఇక అడగలేదు. పార అందుకున్నాడు. మట్టి పడుతున్న చప్పుడు తప్ప అక్కడ ఏ చప్పుడూ లేదు. దూరంగా చెట్టు కింద కూర్చుని చూసిన పటేలు మనుషులు, కిరస్తానీ వాళ్లు పీనుగును మంత్రం లేకుండా పూడుస్తారని ఊరంతా చెప్పుకున్నారు.

కొత్త పాస్టరు వచ్చాడు. మాసయ్యకు దూరపు చుట్టం, మంచి గొంతు. మొదటి ఆదివారమే ఏసురత్నం గారి చివరి ప్రసంగాలను ఎంతగానో పొగిడాడు. చచ్చిపోతూ కూడా అంత బలమైన మాట ఎట్లా చెప్పగలిగాడో చూడమన్నాడు. గోడ వారన కూర్చున్న అమృతమ్మ వైపు చేయి చూపి, అటువంటి భర్తకు నోరుగా ఉండడం ఆమె చేసుకున్న అదృష్టమన్నాడు. తిమ్మమ్మ ఏదో అనబోయింది. అమృతమ్మ ఆమె మోచేయి గట్టిగా పట్టుకుంది.

ఇల్లు ఖాళీ చేయాలి కాబట్టి చేసింది. బీచుపల్లి దగ్గర పుట్టిలో కృష్ణ దాటి, బల్మూరులో ఉన్న తమ్ముడి దగ్గరికి చేరింది. తమ్ముడి భార్యతో కలిసి పల్లిచేలల్లో కలుపు తీయడానికి పోయేది. అక్కడా ఒక చిన్న సంఘం ఉంది. గురువారాల్లో ఆడవాళ్లు వేరుగా కూడి ప్రార్థన చేసుకునేవాళ్లు. అక్కడ ఆడమనిషి మాట్లాడవచ్చు, దానికి ఎవరి అడ్డూ లేదు. వాళ్లకు పెద్దగా ఉన్న కాంతమ్మ, కొత్తగా వచ్చిన ఈమె పాస్టరు భార్య అని విని సంబరపడింది.

"నువ్వు జర ఒక మాట చెప్పక్క," అంది. "మాకు చెప్పెటోళ్లే లేరు."

ఆడవాళ్లంతా తిరిగి చూశారు. అమృతమ్మ లోపల వెతుక్కుంది. ఒకప్పుడు రొట్టెలు కాలుస్తుంటే వాటంతటవే వచ్చే మాటల్లో ఒక్కటి కూడా రాలేదు.

"నాకు రాదమ్మ," అంది. "మా ఆయనకు వస్తుండె."

అన్న తరువాత అది అబద్ధమని ఆమెకు అనిపించలేదు. అప్పుడు మాత్రం కొంచెం భయమేసింది. కాంతమ్మ సరేనని పాట అందుకుంది. ఆ తరువాత ఆమెను ఎవరూ అడగలేదు. చాపలు పరిచే పని మాత్రం ఆమెకు అప్పజెప్పారు. గురువారం వచ్చిందంటే కూలి నుంచి రాగానే కాళ్లు కడుక్కుని పోయి, ఆ గది ఊడ్చి, చాపలు పరిచి, తలుపు దగ్గర కూర్చునేది.